రావద్దన్న గది

"చూశాను. తాత్కాలికం," అంది స్వరూప.

నుదుటి మీది చూపుపట్టీ కాస్త చల్లబడింది. అంటే సాక్ష్యం నమోదైనట్టు. సన్నజాజి గదిలో తల్లీ ఇద్దరు కూతుళ్ళూ గోడకు ఆనకుండా మంచాల పక్కన నిలబడి ఉన్నారు. గోడలకు మేకులు లేవు. ఎక్కడా మొక్క లేదు. వంట వాసన లేదు. ఈ మూడూ లేని గదిలో ఎవరూ కాపురం ఉండడం లేదని, ఉన్నది తాత్కాలికమేనని చట్టానికి నమ్మకం. తల్లి రోజూలాగే "వెళ్ళొస్తారాండీ?" అంది. స్వరూప తల ఊపి వరండాలోకి వచ్చింది. ఆ తల్లి మొహం ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే చెప్పడం స్వరూప వల్ల కాదు. రోజూ చూస్తుంది మరి.

వాళ్ళు ఉంటున్న ఈ మజిలీ ఒకప్పుడు షాపింగ్ మాల్. బట్టల కొట్లూ చెప్పుల కొట్లూ ఉన్న వరసల్లో అద్దాలకు తెల్లరంగు పూసి, మధ్యలో పలచటి చెక్క గోడలు కొట్టి గదులు చేశారు. ఎస్కలేటర్ ఆగిపోయి మామూలు మెట్లయింది. గదులకు అంకెలు వేస్తే జైలులా ఉంటుందని ప్రారంభోత్సవం నాడు ఎవరో పెద్దమనిషి బాధపడ్డాడట. అందుకని పూల పేర్లు పెట్టారు. తలుపులకు లోపలివైపు గడియలు మాత్రం పెట్టలేదు. ప్రతి తలుపు ముందూ నేల మీద ఒక పసుపు గీత ఉంటుంది. స్వరూపలాంటి కంటిసాక్షి ఆ గీత దాటగానే తలుపు దానంతటదే పక్కకు జరుగుతుంది. లోపలివాళ్ళు బట్టలు మార్చుకుంటున్నా జరుగుతుంది, ఏడుస్తున్నా జరుగుతుంది.

లోపల ఉన్నవాళ్ళు మునకవారు. సముద్రం డెల్టాను మింగేశాక చేతికందింది పట్టుకుని పీఠభూమికి ఎక్కి వచ్చినవాళ్ళు. ఆఫీసు భాషలో అతిథులు. వాళ్ళకు ఇక్కడ ఆశ్రయం ఇవ్వాలా వద్దా అన్నది విచారణలో తేలాలి. మజిలీలు నడిపే సంస్థకు అతిథులు తగ్గకూడదు. ప్రభుత్వానికి ఆశ్రయం దొరికినవాళ్ళు పెరగకూడదు. ఇద్దరూ కలిసి కుదుర్చుకున్న రాజీకే విచారణ అని పేరు. అది తేలక ఏళ్ళు గడిచిపోతున్నాయి.

మజిలీ గోడలు వింటాయి. నేల బరువులు తూస్తుంది. ఎవరు ఎన్నిసార్లు దగ్గారో కూడా పైవాళ్ళకు తెలుసు. అయితే యంత్రం చూసింది చూసినట్టు కాదని, మనిషి గురించి మనిషే కళ్ళారా చూసి చెప్పాలని ఒక కోర్టు ఎప్పుడో తీర్పు చెప్పింది. మంచి తీర్పే. ఆ రోజు మునకవారు మిఠాయిలు పంచుకున్నారు కూడా. ఆ తీర్పు వల్ల పుట్టిన ఉద్యోగమే స్వరూపది.

చేరిన కొత్తలో ఇంటికి వెళితే ఆమెకు అన్నం సయించేది కాదు. తర్వాత సయించింది. తిలాపాపం తలా పిడికెడు అన్నారు. గోడ వింటుంది, చట్టం తేలుస్తుంది, బండి మోసుకుపోతుంది, తను చూస్తుంది, అంతే. తన పిడికెడు మరీ చిన్నదని స్వరూప లెక్క. ఆ చిన్న పిడికెడు పడితే తప్ప మిగతావేవీ కదలవని ఆమెకు తెలియక కాదు. దాని జోలికి పోయేది కాదు.

"తదుపరి గది నందివర్ధనం," అంది వరండా గోడ. "శిశు ధ్వని అనుమానం. నేల మీద నూతన భారం. సాక్ష్యం అవసరం."

నందివర్ధనంలో మాణిక్యమ్మ, ఆమె కూతురు నాగదేవి ఉంటారు. నాగదేవి నిండు చూలాలు. వచ్చే వారం ఆసుపత్రికి పంపాలని ఏర్పాటు. నిన్న పొద్దుగూకాక నొప్పులొచ్చాయి కాబోలు, వాళ్ళు ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో స్వరూపకు తెలుసు.

పీఠభూమి మీద పుట్టిన బిడ్డ పుట్టగానే పీఠభూమి పౌరుడు. పౌరుణ్ణి మజిలీలో ఉంచడం నేరం. కాబట్టి పుట్టుక రుజువైన పూటే బిడ్డను శిశుసదనానికి చేర్చాలి. తల్లి పౌరురాలు కాదు గనక ఆమె వెంట వెళ్ళడానికి వీల్లేదు. విచారణ తేలాక బిడ్డ కోసం దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆ చట్టంలో ఎక్కడ వెతికినా ఒక్క కఠినమైన మాట దొరకదు. మొదటినుంచి చివరిదాకా పిల్లల హక్కుల గురించే ఉంటుంది.

పోయిన ఎండాకాలం మల్లె గదిలో ఒక బిడ్డ పుట్టింది. స్వరూప వెళ్ళింది, చూశాను అంది, బండి వచ్చింది. ఆ తల్లి ఇప్పటికీ మల్లె గదిలోనే ఉంది. సాక్ష్యానికి నిలబడమంటే నిలబడుతుంది. మాట్లాడడం మానేసింది. బిడ్డ ఏ ఊళ్ళో ఉందో స్వరూపకు తెలియదు, తెలుసుకునే ప్రయత్నమూ చెయ్యలేదు.

ఇవాళ కూడా కింద బండి వచ్చి ఆగి ఉంది. స్వరూప పసుపు గీత దాటింది. తలుపు జానెడు జరిగింది. ఆ సందులో మాణిక్యమ్మ అడ్డంగా నిలబడి ఉంది, తలకు తడి తువ్వాలు చుట్టుకుని.

"ఆగమ్మా," అంది. "పురిటి గది. బయటివాళ్ళు రాకూడదు."

బతిమాలినట్టు అనలేదు. ఏడుస్తూ అనలేదు. తోడు మజ్జిగకని వచ్చిన పక్కింటామెతో గుమ్మంలో నిలబడి చెప్పినట్టు చెప్పింది. ఈ మజిలీలో స్వరూపతో ఎవరూ ఎప్పుడూ రావద్దని అనలేదు. రండి రండి అంటూ ఒదిగి పక్కకు తప్పుకునేవాళ్ళు.

ముందు ఆగింది కాలు. మనసు ఆ తర్వాత వచ్చి కలిసింది. స్వరూపకు చెల్లెలు పుట్టినప్పుడు వాళ్ళ నాన్న గడప బయటే నిలబడి, ఎట్లున్నరు అని అడిగి వెళ్ళిపోయేవాడు. ఇల్లు ఆయనదే. లోపలికి పోతే చెయ్యి పట్టుకుని ఆపేవాళ్ళెవరూ లేరు. అయినా పోయేవాడు కాదు, వద్దన్నారు కాబట్టి. మైలా గియిలా అని తర్వాత చదువుకున్న రోజుల్లో స్వరూప నవ్వుకుంది కూడా. ఇప్పుడు నవ్వు రాలేదు.

"తల్లి మంచిగుందా?" అని అడిగింది.

"ఉందండి. కాస్త నీరసం. ఇప్పుడే కన్ను మూసింది." మాణిక్యమ్మ పెదవులు ఎండిపోయి ఉన్నాయి. "పదకొండో రోజున పురుడు కడుగుతాం కదండీ. అప్పుడు వచ్చి చూద్దురుగాని."

"సరే," అంది స్వరూప. సందులోంచి తల పక్కకు తిప్పుకుని, వెనక్కి ఒక అడుగు వేసింది.

మాణిక్యమ్మకు అప్పుడు భయం వేసింది. "నిజంగా వెళ్ళిపోతారాండీ?"

"వద్దన్నరు గద."

గీత ఇవతలికి రాగానే తలుపు మూసుకుంది.

"నందివర్ధనం. సాక్ష్యం?" అంది గోడ.

"చూడలేదు."

"కారణం?"

గోడ ఒప్పుకునే కారణాలు నాలుగే ఉన్నాయి. తలుపు చెడిపోయింది అంటే మరమ్మతువాళ్ళు వచ్చి తలుపే ఊడబెరుకుతారు. అంటువ్యాధి అంటే ముసుగులవాళ్ళు మందు చల్లుకుంటూ లోపలికి వెళతారు. తనకు ఒంట్లో బాగాలేదంటే ఇంకో సాక్షి వస్తుంది. గది ఖాళీ అంటే మధ్యాహ్నానికల్లా అందులోకి వేరే కుటుంబాన్ని తోలుతారు. ఏ అబద్ధం ఆడినా ఎవరో ఒకరు ఆ తలుపు లోపలికి పోతారు. స్వరూప కాసేపు ఆలోచించింది. ఇంత ఆలోచించి చాలా కాలమైంది.

"లోపలోళ్ళు రావద్దన్నరు," అంది.

గోడ కొంత తడుముకుంది. "ఈ కారణం పట్టికలో లేదు. కారణం?"

"లోపలోళ్ళు రావద్దన్నరు."

చూపుపట్టీ వెచ్చబడింది. వరండా పైకప్పు మీద ఆకుపచ్చగా ఉండే దీపం పసుపుపచ్చకు మారింది. ఆ మజిలీలో ఆ రంగు దీపం ఉందని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. కాసేపటికి శ్రీశైలం ఆగిపోయిన ఎస్కలేటర్ మీంచి రొప్పుతూ ఎక్కి వచ్చాడు. ఈ అంతస్తుకు అధికారి. స్వరూప కన్నా వయసులో చిన్న. మనిషి చెడ్డవాడు కాదు, అందుకే ఇలాంటి చోట ఎక్కువ రోజులు పనికొస్తాడు.

"ఏమైందక్కా? లెక్క ఆగిపోయింది. ఇది తెగితే గాని బండి కదలదు."

"నందివర్ధనంల రావద్దన్నరు సార్."

"రావద్దనుడేంది? మనం అడుగుతమా?"

"అడగలే. ఆళ్ళే అన్నరు. నేను ఆగిన."

శ్రీశైలం తలుపు వైపు చూశాడు. తనే గీత దాటితే పని అయిపోను. కానీ సాక్షి కన్నా ముందు ఇంకెవరు అడుగుపెట్టినా ఆ గది సాక్ష్యం చెల్లదని రూలు. ఆ రూలు కూడా మునకవారి రక్షణ కోసం పెట్టిందే.

"ఇంకో సాక్షిని పిలిపిస్త," అన్నాడు. అనేసి తనే నాలుక కరుచుకున్నాడు. ఇంకో సాక్షి రావాలంటే ముందు స్వరూప సాక్ష్యం మూయాలి. మూయాలంటే గోడ ఒప్పుకునే కారణం కావాలి. "అక్కా, జ్వరమని చెప్పరాదు? నీకేం నష్టం? ఇంటికి పోయి పండుకుందువు."

"జ్వరం లేదు సార్."

"కొలువు పోతది. క్వార్టర్ పోతది. పోయినంక నువ్వు ఏడుంటవు?"

స్వరూపకు భయం వేసింది. ఇన్నాళ్ళ తర్వాత తనకు ఏదో ఒకటి అనిపించినందుకు వింతగా కూడా ఉంది. ఇలా కొంచెం ముందే అనిపించి ఉంటే మల్లె గది ముందు కూడా ఆగేదాన్నేమో అనుకుంది. ఆ మాట అనుకోగానే కళ్ళు మండాయి. చూపుపట్టీ ఆ తడిని దుమ్ముగా నమోదు చేసుకుంది.

"పై ఆఫీసుకు చెప్పుండ్రి," అంది. "ఈ కారణం పట్టికల లేదంటుంది గోడ. ఎక్కించుమనుండ్రి."

"ఎక్కిస్తరు. గంటల ఎక్కిస్తరు. ఎక్కిచ్చినంక నీ సాక్ష్యం మూస్త, ఇంకోళ్ళను పంపుత. ఏం లాభం చెప్పు?"

"ఎక్కిస్తే..." స్వరూప తనకు తానే చెప్పుకుంటున్నట్టు మెల్లగా అంది. "ఆళ్ళు రావద్దనొచ్చు అని ఒప్పుకున్నట్టే గద సార్. ఆ వచ్చేటోళ్ళను గూడ రావద్దంటరు."

శ్రీశైలం జేబులోంచి ఫోను తీశాడు. పై ఆఫీసువాళ్ళకు ఈ సంగతి ఏ మాటల్లో చెప్పాలో తోచక చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు గాని, పై ఆఫీసుతో మాట్లాడేటప్పుడు అది తలకిందులవుతుంది. చివరికి మెట్ల దగ్గరికి నడిచాడు. అక్కడ అతను "లేదు సార్, తలుపు మంచిగనే ఉంది సార్" అంటున్నది ఇక్కడికి వినబడుతోంది.

నందివర్ధనం లోపల బిడ్డ ఏడ్చింది. సన్నగా, కొత్త గొంతుతో. గోడ విన్నది, నేల తూచింది, మెట్ల మీద శ్రీశైలం మాట ఆపి విన్నాడు. చట్టం ప్రకారం ఆ ఏడుపు ఇంకా ఎవరిదీ కాదు. తల్లి పక్కనే ఉన్నట్టుంది, కాసేపటికి ఆగిపోయింది.

"నందివర్ధనం అపరిష్కృతం," అంది గోడ. "తదుపరి గది గన్నేరు."

గన్నేరులో అబ్బులు ఒక్కడే ఉంటాడు. కోనసీమలో కొబ్బరి చెట్లెక్కి కాయల దింపు తీసిన మనిషి. ఆ చెట్లు ఇప్పుడు నీళ్ళ కింద ఉన్నాయి. అతని విచారణ అందరికన్నా పాతది. సాక్ష్యం వేళకు చొక్కా గుండీలన్నీ పెట్టుకుని, తలుపు పూర్తిగా జరక్కముందే "దయచెయ్యండమ్మా" అంటాడు. గదుల మధ్య గోడ పలచటి చెక్క. అంతసేపు బయట జరిగిన మాటలన్నీ అతను విని ఉంటాడు.

స్వరూప పసుపు గీత దాకా వెళ్ళింది. మామూలుగా దాటేయాల్సిందే. ఆ గదిలో దాచేదేమీ లేదని ఆమెకు తెలుసు, పై ఆఫీసుకు తెలుసు, గోడకు తెలుసు. ఒక మంచం, ఒక మనిషి. ఒక గది ముందు ఆగి, దాని పక్క గదిలోకి అడగకుండా పోవడం ఎలాగో మాత్రం ఆమెకు తెలియలేదు.

"అబ్బులుగారూ," అంది గీతకు ఇవతలినుంచే. "లోపలికి రావచ్చునా?"

లోపల మంచం కిర్రుమంది.

"గన్నేరు. సాక్ష్యం?" అంది గోడ.

"అడుగుతున్న," అంది స్వరూప.

"నన్నేనాండీ?" అన్నాడు అబ్బులు తలుపు వెనకనుంచి.

"మిమ్మల్నే."

వరండా పొడవునా గదుల్లో దగ్గులు, గిన్నెల చప్పుళ్ళు ఒకటొకటిగా ఆగిపోయాయి. తెల్లరంగు అద్దాల వెనక మనుషులు దగ్గరికి వచ్చి నిలబడిన నీడలు కనిపించాయి. కింద బండి ఇంజను ఆపేశారు. మెట్ల దగ్గర శ్రీశైలం ఫోను చెవికి దూరంగా పెట్టుకుని ఇటే చూస్తున్నాడు.

"కాసేపుండండమ్మా," అన్నాడు అబ్బులు చివరికి. "ఆలోచించుకుని చెప్తాను."

"మంచిది," అంది స్వరూప. "నేనిక్కడ్నే ఉంట."