రెండో సగంలో బంతి భోజనం

గాజువాకలో సింహాద్రి చేత పెళ్ళి వీడియో తీయించుకోని ఇల్లు తక్కువ. రెండోసారి తీయించుకున్న ఇల్లు ఇంకా తక్కువ. అందులో తన తప్పేమీ లేదని అతనే చెబుతాడు. తాళి కట్టే సమయానికి కెమెరాకి పురోహితుడి వీపు అడ్డొస్తే, అది వీపు తప్పట.

ఒక్క విషయంలో మాత్రం అతనికి వంక పెట్టడానికి లేదు. భోజనాల బంతి. ఈ చివర నుంచి ఆ చివరిదాకా, ఆకు ముందు కూర్చున్న ప్రతి మొహాన్నీ వరసగా తీసేవాడు. తాళి కనబడకపోయినా మన జనం ఊరుకుంటారు గానీ, బంతిలో తమ మొహం కనబడకపోతే మూడు తరాలు మాటలుండవు. ఆ గొడవలకు భయపడే పాత వీడియోలన్నీ హార్డ్ డిస్కుల్లో దాచి ఉంచాడు.

అందుకే ఆ మధ్యాహ్నం తాయారు మల్కాపురం నుంచి షేర్ ఆటో ఎక్కి అతని షాపుకి వచ్చింది.

"ఏటక్కా, ఇంత ఎండలో వచ్చీసినావు? ఫోన్ సేస్తే సరిపోను గదా."

"ఫోన్ చేస్తే నువ్వెత్తవు తమ్ముడూ. ఎత్తినా పెళ్ళిలో ఉన్నానంటావు. ఆషాఢంలో కూడా."

తాయారు భర్త అర్జునరావు పోర్టులో క్రేన్ ఆపరేటరు. రాజోలు వైపు నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. పోయినేడాది డ్యూటీలో ఉండగానే గుండె ఆగింది. అతని తల్లి మహాలక్ష్మమ్మ అప్పుడు రాజోలు దగ్గర కూతురింట్లో ఉంది. వరదకి దారులు మూసుకుపోయి, ఆవిడ చేరేసరికి అంతా అయిపోయింది. అప్పటినుంచి కోడలి దగ్గరే ఉంటోంది. శవాన్ని చూడలేదు కాబట్టి కొడుకు పోలేదని ఆవిడ వాదన. డాల్ఫిన్స్ నోస్ కొండ ఓ అంగుళం జరుగుతుందేమో గానీ, మహాలక్ష్మమ్మ మాట జరగదు.

"మూడు రోజులైంది, అత్తయ్య మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టట్లేదు" అంది తాయారు. "వాడు కనబడితేనే తింటానంటోంది. ఇంకో రోజు ఇలాగే ఉంటే దక్కదన్నాడు డాక్టరు. మా తమ్ముడి పెళ్ళి బంతిలో ఈయన నవ్వుతూ కూర్చున్న ముక్క ఉందిగా? ఫొటో అంటే పారిపోయే మనిషి, కెమెరా ముందు నవ్వింది అదొక్కసారే. సాయంత్రం టీవీలో పెట్టి చూపిస్తాను."

"అదెంత పనక్కా. ఒక గంట."

సింహాద్రి గంటంటే మూడు గంటలని తాయారుకి తెలుసు. పక్క వీధిలో చుట్టాలింట్లో కూర్చుంటానని వెళ్ళింది.

వీడియోలు ఎడిట్ చేసే మిక్సింగ్ గది మేడ మీద ఉంటుంది. కిటికీకి నల్లగుడ్డ కొట్టేశాడు కాబట్టి పట్టపగలు కూడా అందులో చీకటే. వేడెక్కిన దుమ్ము వాసన. రోడ్డు మీద లారీ వెళ్ళినప్పుడల్లా బల్ల సన్నగా వణుకుతుంది.

పన్నెండేళ్ళ కిందటి ఫైలు తెరిచాడు. అర్జునరావు కనబడ్డాడు. నవ్వబోయి ఆగాడు. కాస్త కదిలాడు. మళ్ళీ ఆగాడు. తప్పు అర్జునరావుది కాదు, కంప్యూటరుది. కామ్‌కార్డరు, అంటే అప్పటి చేతి వీడియో కెమెరా, బొమ్మని ఎండుచేపలా నొక్కి దాస్తుంది. అలాగే కోయబోతే కత్తి దిగదు. ముందు నానబెట్టాలి, అంటే ఎడిటింగ్‌కి తేలిగ్గా ఉండే ఇంకో ఫైలుగా మార్చాలి. సైజు ఆరింతలవుతుంది గానీ, ఆగకుండా నడుస్తుంది.

ఇంకో చిక్కుంది. ఆ పాత కామ్‌కార్డరు ఒక్కో బొమ్మనీ రెండు సగాలుగా తీసేది. అడ్డగీతల్లో ఒకటి విడిచి ఒకటి మొదటి సగం. రెప్పపాటు తర్వాత, మిగిలిన గీతలు రెండో సగం. రెండు దువ్వెనలు ఒకదాంట్లో ఒకటి దూర్చినట్టన్నమాట. మనిషి కదిలితే అంచుల్లో ఆ పళ్ళు కనబడతాయి. అందుకని సింహాద్రి మార్చేటప్పుడు మొదటి సగం ఉంచి, రెండోది పారేసేవాడు. ఖాళీ గీతల్ని కంప్యూటరే నింపుకుంటుంది. పని తొందరగా అయిపోతుంది. ఇన్నేళ్ళలో ఎవరూ కనిపెట్టలేదు.

ఇరవై నిమిషాల్లో ఫైలు మారింది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆడించాడు. బంతి హాయిగా కదిలింది. స్టీలు బకెట్ల చప్పుడు, పిల్లల గోల. పెళ్ళికొడుకు మేనమామ మూడో లడ్డూ జేబులో వేసుకోవడం కూడా స్పష్టంగా ఉంది. తర్వాత అర్జునరావు చోటొచ్చింది.

కుర్చీ ఖాళీ.

ముందు ఆకు ఉంది. మనిషి లేడు. అదే బంతిలో కూర్చోవలసిన పోర్టు కళాసీ అప్పలసూరి కూడా లేడు. పాత ఫైలు మళ్ళీ తెరిచాడు. అందులో ఇద్దరూ ఉన్నారు. ఇంకోసారి మార్చాడు. ఇద్దరూ లేరు.

"ఇదేటిది..." అనుకున్నాడు సింహాద్రి. జీవితంలో మొదటిసారి మొదటి సగాన్ని తీసేసి, రెండో సగాన్ని ఉంచమని నొక్కాడు.

ఫైలు మెల్లగా మారుతోంది. గదిలో దుమ్ము వాసన పోయి, ఇంకేదో వాసన వచ్చింది. తడి అరిటాకు మీద వేడన్నం వడ్డిస్తే వచ్చే వాసన. కింద ఎవరో భోంచేస్తున్నారు కాబోలనుకున్నాడు. కింద ఉన్నది టైరు పంచర్ల షాపు.

ఆడించాడు.

అదే పందిరి. అవే బల్లలు. మేనమామ లేడు. పిల్లలు లేరు. చప్పుడు లేదు. కెమెరా మాత్రం ఒక్కో ఖాళీ కుర్చీ దగ్గరా ఆగి, మొహం తీస్తున్నట్టు తీసి, ముందుకు జరుగుతోంది...

అప్పలసూరి కనబడ్డాడు. కరోనాలో పోయాడు.

తాయారు నాన్న. వంటల సత్యం. ఇంకో నలుగురు. అందరూ తెలిసినవాళ్ళే. ఆ పెళ్ళినాటికి అందరూ బతికే ఉన్నారు. ఇప్పుడు... ఒక్కరూ లేరు.

వాళ్ళ ఆకుల నిండా వడ్డనలున్నాయి. ఎవరి చెయ్యీ కదలడం లేదు. బంతిలో చివరి మనిషి కూర్చునేదాకా ఎవరూ ముద్ద ఎత్తకూడదు. మన పద్ధతి అది. వాళ్ళు ఆ పద్ధతి మరిచిపోలేదు.

చివర అర్జునరావు. అతని పక్కన ఒక కుర్చీ. కుర్చీ ముందు, అప్పుడే నీళ్ళు చల్లిన ఆకు. పక్క నుంచి ఒక చెయ్యి వచ్చింది. మోచేతి దాకానే కనబడింది. ఆకు మీద అన్నం పెట్టి, గుమ్మడికాయ పులుసు పోసి, వెనక్కి పోయింది.

అర్జునరావు తలెత్తి చూశాడు. కెమెరా వంక కాదు. కెమెరాకి కాస్త పైకి... పట్టుకున్నవాడి మొహం వంక.

"అమ్మ ఇంకా రాలేదేం?"

గుసగుస. తర్వాత నవ్వాడు. అదే నవ్వు.

సింహాద్రి హెడ్‌ఫోన్స్ లాగి బల్ల మీద పడేశాడు.

"ఆకు వేసేశాం..." అని వినబడింది. ఈసారి హెడ్‌ఫోన్స్ లోంచి కాదు.

ఇన్నేళ్ళుగా ఎన్ని వందల పెళ్ళిళ్ళ రెండో సగాల్ని చూడకుండా పారేశాడో...

తలుపు చప్పుడైంది. తాయారు.

"అయిందా తమ్ముడూ?"

"ఫైలు పాడైపోనాదక్కా. రాదు."

తాయారు గుమ్మంలోనే కూలబడింది. "మొహం మసగ్గా ఉన్నా పర్లేదు. ఒక్క క్షణం కనబడితే చాలు. ఆవిడ నా కళ్ళ ముందే ఎండిపోతోంది తమ్ముడూ... ఆయన్ని ఎలాగూ ఆపుకోలేకపోయాను."

ఇవ్వకపోతే ముసలమ్మ ఆకలితో పోతుంది. ఇస్తే... ఆ ఖాళీ కుర్చీ ఎవరికోసమో సింహాద్రికి తెలుసు. చాలాసేపు ఆలోచించాడు. అతనికి అలవాటు లేని పని. పాత ఫైలుకి ఎలాగూ కత్తి దిగదు, అందుకని చివరికి రెండో సగంలోంచే ఎనిమిది సెకన్లు మాత్రం కోశాడు. అర్జునరావు నవ్వు మొహం, అంతే. ఆకు లేదు, కుర్చీ లేదు, బంతి లేదు. మాట వినబడకుండా శబ్దం తీసేశాడు. పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చాడు. రెండో సగం ఫైలుని చెరిపేశాడు.

దీపాలు పెట్టే వేళకి ఫోనొచ్చింది.

"తమ్ముడూ, అత్తయ్య తింది! కడుపునిండా తింది." తాయారు ఏడుస్తూ నవ్వుతోంది.

సింహాద్రి గుండె కుదుటపడింది. "మంచిదక్కా. ఏటి పెట్టినావు?"

అటువైపు నవ్వు ఆగింది.

"అదే తమ్ముడూ... నేనింకా పొయ్యి వెలిగించలేదు."

"మరి..."

"టీవీలో ఆయన్ని చూపించి, బియ్యం కడగడానికి వెళ్ళాను. వచ్చేసరికి ఆవిడ మంచం మీద లేచి కూర్చుని ఉంది. కుడిచెయ్యి మణికట్టు దాకా పులుసు. కడుక్కోమంటే కడుక్కోదు. బంతి ఇంకా లేవలేదంటుంది." తాయారు గొంతు తగ్గించింది. "నిన్ను ఒక మాట అడగమంటోంది."

"న... నన్నా? ఏటని?"

"వీడియో తీసినబ్బాయి తిన్నాడా అని."

పొద్దుట తాగిన టీ తప్ప ఆ రోజంతా సింహాద్రి ఏమీ ముట్టలేదు. అయినా ఆకలి లేదు. నోట్లో... నాలుక మీద... గుమ్మడికాయ పులుసు తీపి.