జంట వేణువుల కుండ

మిట్టమధ్యాహ్నం దోహాలోని ఉమ్ ఘువైలినా పేటలో, నలుగురూ చూస్తుండగానే ఏసోబు ప్రాణం పోయింది. జ్యూస్ షాపు ముందు ఎవరో భుజం తగిలించి వెళ్ళారు. మెడమీద చీమ కుట్టినంత పోటు. చేతిలోని గ్లాసు కంటే ముందు అతనే నేలకూలాడు. ఎండదెబ్బ అనుకున్నారు జనం.

"ఎండదెబ్బ కాదు. విషపు సూది" అన్నాడు సత్యనారాయణమూర్తి. దోహాలో భారత గూఢచారులకి అతనే చీఫ్. నజ్మాలో ఒక టైపింగ్ సెంటర్ వెనకగది అతని ఆఫీసు.

ఏజెంట్ ఇంద్రజ ముఖంలో ఏ కదలికా లేదు. ఆమెకి పిస్టల్ పట్టుకోవడం నేర్పినవాడు ఏసోబు.

"టార్గెట్ ఎవరు సార్?"

"వెర్నర్. యూరప్ నుంచి వచ్చిన ఆర్ట్ డీలర్. మెసైమీర్‌లో గ్యాలరీ పెట్టి పాత గ్రీకు కుండలు అమ్ముతాడు. చాటుగా అమ్మేది దేశాల రహస్యాలు. మన సబ్‌మెరైన్ల సిగ్నల్ కోడ్, మైక్రోఫిల్మ్ మీద, వాడి దగ్గరుంది. ఈ సాయంత్రం ఏదో ఒక కుండలో విమానం ఎక్కుతుంది."

"లోపల మనవాళ్ళు?"

"గ్యాలరీ మేనేజర్ శ్రీలేఖ. విశాఖ అమ్మాయి. మనకి ఇన్ఫర్మేషన్ ఇచ్చేది ఆమే."

"ఏసోబు గారు ఆఖరున కలిసింది ఎవర్ని?"

మూర్తి గొంతు సవరించుకున్నాడు. "ఆమెనే."

"అయితే పోలీసుల్ని గ్యాలరీ దగ్గర్లోనే ఉంచండి సార్."

జుట్టుకి తెల్లరంగు, కళ్ళకి లావుపాటి అద్దాలు, చేతిలో బ్రీఫ్‌కేసు. ఇన్సూరెన్స్ ఇన్‌స్పెక్టర్ వేషంలో ఇంద్రజ గ్యాలరీ గేటు దాటింది. పికప్ డ్రైవర్ హన్మాండ్లు మూర్తి మనిషే. తాడు బిగిస్తూ, తలెత్తకుండా గొణిగాడు.

"జల్ది గానియ్యి అమ్మా. పెట్టెలన్ని బండ్ల ఎక్కిచ్చినం. ఒక్క కుండ మాత్రం సాబ్ ఇస్తలేడు. చేతుల వట్టుకోని పోతడంట."

ఏ కుండో తేలిపోయింది.

లోపల శ్రీలేఖ కంటే ముందు ఆమె సెంటు ఎదురొచ్చింది. ముత్యాల రంగు పట్టుచీర, ఎర్రటి పెదవులు, వేలికి పెద్ద పచ్చల ఉంగరం.

"నాట్యం బాగుంది" అంది ఇంద్రజ. అది కోడ్.

"పాట ఇంకా బాగుంటుంది" అని జవాబిచ్చి నవ్వింది శ్రీలేఖ. కళ్ళు మాత్రం నవ్వలేదు.

బల్లమీద కుండ. నల్లటి నునుపుమీద ఎర్రమట్టి రంగు మనుషులు. ఒకామె రెండు వేణువులు ఒకేసారి ఊదుతోంది. ముగ్గురు నర్తకులు చేతులెత్తి తిరుగుతున్నారు. రెండున్నర వేల ఏళ్ళనాటి గీత, ఎక్కడా తడబడలేదు. ఆర్కియాలజీ చదివిన ఇంద్రజకి క్షణంపాటు వచ్చిన పని గుర్తులేదు.

తేరుకుని లిప్‌స్టిక్ మూత తిప్పింది. అందులో అల్ట్రావయొలెట్ దీపం. పాత మట్టి మీద చీకటిగానే ఉంది. ఒక నర్తకి మడమ దగ్గర మాత్రం పాలనీలం రంగులో వెలిగింది. కొత్త అతుకు! కుండని చేతుల్లోకి తీసుకుంది.

"ఏసోబు కూడా సరిగ్గా అక్కడే చూశాడు" అంది శ్రీలేఖ, తలుపుకి గడియ పెడుతూ.

పక్కగదిలోంచి పిస్టల్‌తో వెర్నర్ వచ్చాడు. "కుండ బల్లమీద పెట్టు. జాగ్రత్త! అలాంటిది లోకంలో ఇంకోటి లేదు."

ఇంద్రజ అతని కళ్ళు చూసింది. అవి తనమీద లేవు. కుండమీదున్నాయి.

గాల్లోకి విసిరేసింది.

వెర్నర్ కేక పెట్టాడు. పిస్టల్ వదిలేసి, రెండు చేతులూ చాపి, మోకాళ్ళమీద జారుతూ పట్టుకున్నాడు. పసిబిడ్డలా గుండెకి హత్తుకున్నాడు. ఇంద్రజ పిస్టల్‌ని కాలితో తన్నేలోపే శ్రీలేఖ ఆమె మీదికి దూకింది. పచ్చరాయి పక్కకి జరిగింది. దానికింద సూది!

"ఎంతిచ్చారే నీకు?" పళ్ళు బిగించి ఆ మణికట్టు పట్టుకుంది ఇంద్రజ.

"మీ మూర్తి ఏడు జన్మల్లో ఇవ్వలేనంత!"

సూది గొంతుని తాకబోతోంది. వెంట్రుకవాసి. ఇంద్రజ ఒక్కసారిగా పక్కకి వాలి ఆ చెయ్యి మెలితిప్పింది. ఎముక చప్పుడైంది. ఉంగరం జారి గచ్చుమీద దొర్లింది.

"ఇది ఏసోబు గారి కోసం" అంది రొప్పుతూ. అప్పటికే హన్మాండ్లు భుజం దెబ్బకి తలుపు ఊడింది. వెనకే పోలీసులు.

అతుకు గీకితే చిటికెనవేలి గోరంత ఫిల్మ్ బయటపడింది. కుండకి గీత కూడా పడలేదు.

రిపోర్ట్ విని మూర్తి కుర్చీలోంచి లేచాడు. "అంత పాత కుండని విసిరేశావా! వాడు పట్టుకోకపోతే?"

"నాకూ అదే భయం వేసింది సార్. క్రికెట్ ఆడని దేశంవాడు కదా!"