అంగుళం ముప్పావు

తుపాకి ఎంత గట్టిగా వెనక్కి తన్నినా జీవితంలో ఒక్కసారి కూడా కన్నార్పని మనిషిని నేను. ఆ తన్నుకు నా వెనక నిలబడ్డవాళ్ళు పడిపోయారు గాని నేను మాత్రం కదల్లేదు. ఈ మాట కాస్త గుర్తుంచుకోండి, తర్వాత దీనితో పనుంది.

కథ నాది కాదు, మా చెల్లెలి ఇంటిది. మా బావ తుపాకులకు చెక్క పని చేసే మేస్త్రి. ముందు గది దుకాణం, వెనక గది వంటిల్లు. మధ్య తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది కాబట్టి ఆ ఇంట్లో టీ కూడా వార్నిష్ వాసనే వేస్తుంది. వాళ్ళకు ఒక్కతే కూతురు. సన్నగా ఉంటుందని అందరం పిట్ట అంటాం. పెద్ద తూటా రైఫిల్‌తో మూడు వందల మీటర్ల దూరాన గురి కొట్టే పోటీలు ఆడుతుంది. వచ్చే ఆదివారం జట్టు ఎంపిక.

బుధవారం పొద్దున్న నేను టీ తాగుతున్నాను. చెల్లెలు కూతురికి తల దువ్వబోయి, మెడ దగ్గర చొక్కా జరిగేసరికి దువ్వెన వదిలేసింది.

"ఏమిటే ఇది? భుజం వంకాయ రంగు తేలింది!"

"ఏం లేదమ్మా. తలుపు తగిలింది."

"తలుపు రోజూ వచ్చి ఒకే చోట తగులుతుందా? కింద పాత దెబ్బ పచ్చగా ఉంది, దాని మీద కొత్తది. ఏమండీ! ఇటు రండి ఒకసారి. ఇంకొక్క మచ్చ కనబడిందా, ఆదివారం లేదు, ఎంపికా లేదు. ఆ తుపాకి ఈ గడప లోపల ఉండదు!"

పిట్ట ఏడవలేదు. లేచి దుకాణంలోకి వెళ్ళింది. తన రైఫిల్ దించి, చెక్కను ఇనుము నుంచి విడదీసి, భుజానికి ఆనే మడమ దగ్గర చుట్టూ కాగితపు టేపు అంటించి, దాని మీద పెన్సిలుతో గీత గీసింది. రంపం అందుకుంది.

"ఆ రంపం కింద పెట్టు" అన్నాడు మేస్త్రి గుమ్మంలోంచి.

"మడమకు రబ్బరు ప్యాడ్ వేస్తాను నాన్నా. తన్ను సగం అదే మింగేస్తుంది."

"నేను చేసిన చెక్కకి రబ్బరు చెప్పు తొడుగుతావా? మూడు నెలలు నూనె పట్టించానే దానికి!"

"చెక్కకి మీరు పట్టించారు, బాగుంది. నా భుజానికి ఎవరు పట్టిస్తారు?"

"దెబ్బ తుపాకిది కాదు, నీ బెదురుది. బెదరనివాళ్ళకి తన్ను తెలియదు. నన్ను చూడు. మీ మామయ్యను చూడు."

నేను ఛాతీ విరుచుకున్నాను.

పిట్ట రంపం కింద పెట్టింది గాని చూపు దించలేదు. "అయితే అయిదు తూటాలు కాల్చండి. నేనే నింపి ఇస్తాను. మీరు బెదరకపోతే ప్యాడ్ మాట ఎత్తను, ఆదివారం అసలు వెళ్ళనే వెళ్ళను. బెదిరితే మాత్రం రంపం మీరే నా చేతికివ్వాలి."

"పద."

"నేనూ వస్తున్నా" అంటూ చెల్లెలు పొయ్యి ఆర్పేసింది.

పిట్ట రైఫిల్‌ను మళ్ళీ బిగించింది. ఊరి చివర క్లబ్బు మైదానం ఉంది. మరమ్మతు చేసిన తుపాకులను మేస్త్రి అక్కడే కాల్చి చూస్తాడు. చాప మీద బోర్లా పడుకున్నాడు. మొదటిది పేలింది. రెండోది పేలింది. మూడోసారి ట్రిగ్గర్ నొక్కాడు.

టిక్.

చప్పుడు లేదు, తన్ను లేదు. కానీ గొట్టం మూతి జానెడు కిందికి దిగింది. భుజం ముందుకు పొడుచుకొచ్చింది. మేస్త్రి కళ్ళు రెండూ గట్టిగా మూసుకుని ఉన్నాయి. పిట్ట మూడోదిగా మందు లేని ఉత్త తూటా పెట్టింది మరి!

"ఏమండీ, పేలని తుపాకికే జడుసుకున్నారే!" అంది చెల్లెలు.

నేను పగలబడి నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది.

"మామయ్యా, మీరూ రండి."

నాకు మొదటిదే ఉత్త తూటా పెట్టింది, గడుగ్గాయి. టిక్కుమనగానే నేను కన్నార్పడమే కాదు, "అమ్మో" అని కూడా అన్నాను. రెండుసార్లు అన్నానని చెల్లెలి లెక్క. కాబట్టి మొదట్లో చెప్పిన ఆ గొప్ప కొట్టేసుకోండి. నా వెనక పడిపోయినవాళ్ళు కూడా ఎవరూ లేరు.

"ఇది పిరికితనం కాదు నాన్నా" అంది పిట్ట. "తన్ను వస్తుందని ఒంటికి తెలుసు. మనకు చెప్పకుండా ముందే దాక్కుంటుంది."

మేస్త్రి చాప సర్ది, "నువ్వు పడుకో. రైఫిల్ పట్టు" అన్నాడు.

ఆమె వెనక మోకాళ్ళ మీద కూర్చుని చూశాడు. పిట్ట మెడ సాచి, చెయ్యి సాచి, ట్రిగ్గర్ అందుకుంటోంది. మడమ భుజం గుంటలో కూర్చోకుండా పక్క ఎముక మీదికి జారుతోంది.

"మోచెయ్యి మడువు" అని జేబులోంచి కొలత టేపు తీసి, మోచేతి మడత నుంచి ట్రిగ్గర్ వేలి దాకా కొలిచాడు. ఇంకోసారి కొలిచాడు. "నీకు అంగుళం పొడుగైంది ఇది. నా చేతి కొలత."

"నాకు పద్నాలుగేళ్ళప్పుడు చేశారు కదా. పెరుగుతానులే అన్నారు."

"పెరిగావు. అంత పెరగలేదు. నేనే మళ్ళీ కొలవలేదు." టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు. "ముక్కూ మొహం తెలియనివాళ్ళ చేతులు రెండేసిసార్లు కొలుస్తానే! ఇంట్లో ఉన్న చెయ్యి..." కమిలిన చోట వేలి కొసతో ముట్టుకున్నాడు. "ఇది తుపాకి కొట్టింది కాదమ్మా. నేను కొట్టింది."

దెబ్బలాటకు సిద్ధంగా నిలబడ్డ చెల్లెలు మొహం అటు తిప్పుకుంది.

ఇంటికి రాగానే మేస్త్రి మూడు ప్యాడ్లు బల్ల మీద పరిచాడు. అన్నిటికన్నా మందమైనది ఎత్తి కూతురికిచ్చాడు.

"వద్దు నాన్నా, మరీ మెత్తన. గురి చూసేటప్పుడు చెక్క ఊగుతుంది. పైమూల కూడా పోటీలో వేసుకునే కోటుకు పట్టుకుంటుంది. ఇది చాలు." లోపల గాలి గదులున్న, పైమూల గుండ్రంగా ఉన్న ముప్పావు అంగుళం ప్యాడ్‌ను బొటనవేలితో నొక్కి చూపించింది.

మేస్త్రి ముప్పావు కొలిచి చెక్క మీద గీత గీశాడు. పిట్ట దాన్ని చెరిపేసింది.

"ఆ ముప్పావు ప్యాడ్ మందానికే సరిపోతుంది. నా చేతికి తగ్గాల్సింది అంగుళం. రెండూ కలిపి కొయ్యాలి."

"మళ్ళీ నా చేతికే కొలిచానా!" అని నెత్తి కొట్టుకుని, మేస్త్రి రంపం ఆమె చేతికిచ్చాడు.

ఆయన చెక్క పట్టుకున్నాడు, ఆమె కోసింది. మూడు నెలల నూనె తాగిన ముక్క టక్కున రాలింది. పొట్టు కళ్ళలో పడి మేస్త్రి భుజంతో మొహం తుడుచుకున్నాడు. ప్యాడ్ బిగించి, చెక్క అంచు వెంబడి దాని మీద గీత గీసి, మళ్ళీ ఊడదీసి, ఆ గీత దాకా చక్రం మీద అరగదీసి, తిరిగి బిగించేసరికి మధ్యాహ్నమైంది. అతుకు మీద చెల్లెలు గోరు ఆడించి చూసింది. ఎక్కడా తట్టలేదు.

ఆదివారం పిట్ట జట్టులో ఆఖరి చోటు దక్కించుకుంది. ఇరవై తూటాలూ ఒకే చిల్లులో దూర్చిందని రాద్దామనుకున్నాను, పిట్ట ఒప్పుకోలేదు. ఇంటికి రాగానే చెల్లెలు కిటికీ దగ్గర నిలబెట్టి భుజం చూసింది. పాత పసుపు తప్ప కొత్త మచ్చ లేదు.

"ఉండనీ, ఇంట్లోనే ఉండనీ" అంది తుపాకి వంక చూసి.

నా సంగతి తెలిసినవాళ్ళు ఇందులో కల్పన ఎక్కడుందా అని వెతుకుతూ ఉంటారు. మీకా శ్రమ వద్దు. ఆ రంపపు పొట్టు. అదంతా అటువైపు నేల మీదికే రాలింది. బావ కళ్ళలో ఏమీ పడలేదు.