మిల్లు మలుపు కాడ రేడియోల గొంతు

గరిడేపల్లి నుంచి నేరేడుచర్ల వచ్చే దారిలో, మూతపడ్డ ఉప్పుడు బియ్యం మిల్లు దగ్గర ఒక మలుపు ఉంది. పొద్దు గూకాక ఆ మలుపులో బండి ఆపే మనిషి లేడు. టైరు పంచరైనా సరే, రిమ్ము మీదే ఈడ్చుకుంటూ పోతారు గానీ దిగరు.

మిల్లు నడిచే రోజుల్లో వడ్లు నానబెట్టే హౌజులో ఒక కూలామె పడి చచ్చిపోయిందట. ఆమె పేరేమిటో ఎవరికీ తెలియదు. ఏ ఊరిదో తెలియదు. ఆమె ఇంకా అక్కడే ఉందన్న సంగతి మాత్రం చిన్నపిల్లలకు కూడా తెలుసు.

మొన్నటి వానాకాలంలో ఆ చెడ్డపేరు ఇంకా ముదిరింది. ఇప్పుడామె రేడియోలోకి వస్తోందని ఆటో స్టాండంతా గుప్పుమంది...

ఆ మాట చెవిన పడేసరికి జాన్‌కు దెయ్యాల గురించి ఆలోచించే ఓపిక లేదు. వాళ్లమ్మ ముత్తమ్మ ముందురోజు నుంచి కనపడటం లేదు.

జాన్ నేరేడుచర్లలో షేర్ ఆటో నడుపుతాడు. ముత్తమ్మ గరిడేపల్లిలో ప్రార్థన కూడికకని పోయి మళ్లీ ఇల్లు చేరలేదు. కూడిక అయిపోగానే ఆటో ఎక్కుతానని బయల్దేరిందని అక్కడివాళ్లు చెప్పారు. చెల్లె కరుణ దగ్గరికి పోయిందేమోనని జాన్ మిర్యాలగూడ ఉరికాడు. అక్కడికీ రాలేదు. సూర్యాపేట పెద్ద దవాఖానలో మంచం మంచం దగ్గరా ఆగి చూశాడు. శవాల గది దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆగిపోయాడు. వెంట వచ్చిన, స్టాండులో తోటి డ్రైవరు సాగర్ లోపలికి పోయి, "అమ్మ కాదన్నా" అంటూ బయటికి వచ్చేదాకా గోడ పట్టుకునే నిలబడ్డాడు.

కోదాడ బస్టాండులో ఫోన్‌లో ఫొటో చూపించి కనపడ్డ కండక్టరునల్లా అడిగాడు.

"చూళ్లేదు బాబూ... వేరే బస్సులో అడుగు."

వేరే బస్సులు కూడా అయిపోయాయి. ఇద్దరూ ఆటోలో తిరుగు ముఖం పట్టారు. ముసురు. దారికి రెండు పక్కలా వరి మళ్లు నల్లబడుతున్నాయి.

జాన్ ఆటోలో ఉన్నది పాత రేడియో. పెన్‌డ్రైవ్ పెట్టే సందు లేదు. అందుకని సూర్యాపేటలో అగ్గిపెట్టెంత ప్లేయరొకటి చవకగా కొన్నాడు. అందులో పాట పెట్టి ఎఫ్ఎం బటన్ నొక్కితే, తీగ లేకుండానే పక్కనున్న రేడియోలో మోగుతుంది. స్టాండులో చాలామంది దగ్గర అదే ప్లేయరు, అందరి రేడియోలూ అదే స్టేషన్ మీద ఉంటాయి. జాన్ ప్లేయరును కూడికలో అక్కలకు, తను పాడి అందులో రికార్డు చేసుకున్న పాట వినిపిస్తానని ముత్తమ్మ పట్టుకుపోయింది. ఇప్పుడు రేడియోలో ఉత్త గరగర... అయినా జాన్ దాన్ని ఆపలేదు.

"అన్నా, జర రేడియో బంద్ చెయ్," అన్నాడు సాగర్ మెల్లగా. "మిల్లు వస్తుంది."

జాన్ అద్దం మీది నీళ్లు తుడిచి ముందుకే పోనిచ్చాడు.

"మజాక్ కాదే. నిన్న నా ప్లేయర్ చార్జింగ్ అయిపోయి ఆగింది. గీ మలుపు కాడనే... ఆడమనిషి గొంతు. పెయ్యంత చెమట పట్టింది. రేజ్ పెంచి ఉరికొచ్చిన."

మిల్లు ప్రహరీ గోడ రోడ్డును ఆనుకునే ఉంటుంది. ఆటో లైటు దాని మీద పడింది.

గరగర ఆగిపోయింది.

ఒక క్షణం ఏమీ లేదు...

"ఓ బిడ్డా..."

గొంతు ఎండిపోయి, గీరుకుపోయి ఉంది.

"ఎవలన్న ఆగుండ్రి... దూపైతుంది..." ఒక దగ్గు. "దూపైతుంది బిడ్డా..."

"పోనీ అన్నా! పోనియ్!" సాగర్ జాన్ భుజం పట్టి ఊపేశాడు. అందరూ ఇక్కడిదాకే విన్నారు. ఇక్కడిదాకే విని ఉరికారు. జాన్ చెయ్యి మాత్రం బిగుసుకుపోయింది. ఆటో నత్తలా కదులుతోంది. గొంతు ఇంకా వస్తూనే ఉంది—

"...మా జానుకు చెప్పుండ్రి..."

జాన్ బ్రేకు తొక్కాడు.

"పలక్కు అన్నా! పేరు పెట్టి పిలుస్తుంది!"

"మా అమ్మ గొంతురా."

సాగర్ అతని చెవి దగ్గరికి వంగాడు. గుసగుసగా అన్నాడు. "అన్నా... తప్పు పట్టకు. అమ్మ పోయిందేమో. పోయి... దాంతోటి కలిసిందేమో. దిగకే, నీకు దండం పెడుత."

జాన్ సీటు కింద నుంచి నీళ్ల సీసా తీశాడు.

"సచ్చి దెయ్యమైనా మా అమ్మనే కదరా. దూపైతుందంటుంది."

గేటు ఎప్పుడో విరిగిపోయింది. ఫోన్ లైటు వేసుకుని లోపలికి నడిచాడు. తుప్పు వాసన, మగ్గిన ఊక వాసన. వెనక ఆటోలో ఆ గొంతు మళ్లీ మొదలైంది. అవే మాటలు, అదే చోట అదే దగ్గు... "ఓ బిడ్డా... ఎవలన్న ఆగుండ్రి..."

"అమ్మా!"

జాన్ ఇంకో నాలుగడుగులు వేశాడు.

"అమ్మా... నేనే, జానును!"

షెడ్డు మూలన ఒక రేకు లోపలికి కూలి ఉంది. దాని కింద హౌజు. అడుగున, నీలం రంగులో, మిణుగురంత వెలుగు.

లైటు కిందికి తిప్పాడు. తెల్లచీర. విరబోసుకున్న జుట్టు. ఊక దుమ్ము పట్టి బూడిదలా మారిన ముఖం. అందులోంచి రెండు కళ్లు రెప్ప వేయకుండా అతన్నే చూస్తున్నాయి. జాన్ కాళ్లు వాటంతట అవే ఒక అడుగు వెనక్కి పడ్డాయి.

ఆ ముఖంలో పెదాలు కదిలాయి. మాట రాలేదు. చెయ్యి మాత్రం పైకి లేచింది—సీసా కోసం.

జాన్ హౌజులోకి దూకాడు.

ఆటోలో ఉన్న తాడుతో ఇద్దరూ ఆమెను పైకి తీశారు. తుంటి ఎముక విరిగింది గానీ ప్రాణానికి భయం లేదన్నారు డాక్టర్లు. మాట్లాడే ఓపిక వచ్చాక దవాఖాన మంచం మీద పడుకునే ముత్తమ్మ జరిగింది చెప్పింది. ఆటో దొరక్క నడక మొదలుపెట్టింది. మలుపు దగ్గర వాన దంచికొట్టింది. తడవకుండా షెడ్డులోకి పోయి, తెలియక హౌజు మీది రేకు మీద అడుగేసింది.

"మొదటి దినమే ఒర్లి ఒర్లి గొంతు పోయేటట్టయింది. ఇగ ఉన్న గొంతు కూడ పోతదని, నా పాట రికార్డు చేసుకునే బటన్ నొక్కి మాట పెట్టిన. ఇంట్ల నా చేతుల ప్లేయరుంటే వాకిట్ల ఆటోల పాటొస్తది కద, గట్లనే వినపడతదనుకున్న. మోటరు సప్పుడు రాంగనే నొక్కేది."

సాగర్ మంచం పక్కన తల దించుకుని కూర్చున్నాడు. ఆమె దొరకడానికి ముందురోజు, ఆ గొంతు విని రేజ్ పెంచిన చెయ్యి అతనిదే.

"చీకట్ల ఒక్కదానివి... భయం కాలేదా అమ్మా?" అన్నాడు తలెత్తకుండానే.

"మొదలు కాలే బిడ్డా. దేవుడున్నడనుకున్న." ముత్తమ్మ నోరు తడుపుకుంది. "గానీ నేను నొక్కినప్పుడల్లా... గోడవతల బండి సప్పుడు జర తగ్గుడు, మీరు 'అమ్మో, దెయ్యం! గీడనే ఉన్నది!' అని ఒర్లుకుంట ఉరుకుడు..."

ఆమె సాగర్ మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"దాస్తలేవు గదా? నిజం చెప్పు బిడ్డా... ఆ హౌజుల నా పక్కన ఎవలుండె?"