పదకొండుసార్లు నొక్కిన బటన్

ఆదివారం మధ్యాహ్నం శీతల గిడ్డంగిలో మనుషులు ఉండరు. ఫ్యాన్ల రొద, తడిసిన అట్టపెట్టెల వాసన, అంతే. ఎవరి కంటా పడకుండా పని చక్కబెట్టుకోవాలనే మాస్టారు ఆ పూట వచ్చాడు. అతను బడిపంతులేమీ కాదు, గిడ్డంగి తలుపులకి ప్రోగ్రాం రాసే మనిషి. "బ్రాకెట్లు పెడితే మీ సొమ్మేం పోతుందిరా?" అని చేతికింద కుర్రాళ్లకి రోజూ క్లాసు పీకుతాడు కాబట్టి ఆ పేరు పడింది. అంతటివాడు తనే ఒకచోట పెట్టడం మరిచిపోయాడు.

ప్రోగ్రాంలో అది ఒకే ఒక్క వరస. చలిగది ఖాళీగా ఉన్నా, లేదా పనివేళ ముగిసినా, లోపలి బటన్ ఎవరూ నొక్కకపోతేనే తాళం పడాలి. అలా జరగాలంటే మొదటి రెండింటినీ కలిపి బ్రాకెట్లలో పెట్టాలి. పెట్టకపోతే, కూడిక కంటే ముందు గుణకారం చేసినట్టు, యంత్రం 'లేదా' కంటే ముందు 'మరియు'ని పట్టుకుంటుంది. చివరి రెండింటినే ముడేస్తుంది. అప్పుడు గది ఖాళీ అని తోస్తే చాలు, లోపల ఎవరెంత నొక్కినా తాళం వదలదు.

స్టోరు చూసే పెద్దాయన్ని అందరూ బాబాయ్ అనేవాళ్లు. ఇరవై రోజుల కిందట, తలుపు తెరిచే ఉంది కదా అని కార్డు గీకకుండా లోపలికి వెళ్లాడు. కార్డు గీకలేదు కనుక యంత్రం లెక్కలో గది ఖాళీ. తలుపు పడింది. మర్నాడు ఉదయం తీసేసరికి ప్రాణం లేదు.

అందరికంటే ముందు రికార్డు చూసింది మాస్టారే. బటన్ పదకొండుసార్లు నొక్కినట్టు పదకొండు వరసలున్నాయి. అన్నీ చెరిపేశాడు. "బటన్ నొక్కడం మరిచిపోయాడు పిన్నీ," అని బాబాయ్ భార్యకి చెప్పాడు. "ఆయన అంత మతిమరుపు మనిషి కాదు బాబూ," అని మాత్రం అంది ఆవిడ. ఆ రోజు నుంచీ గడ్డం గీసుకునేటప్పుడు అద్దంలో తన కళ్లలోకి చూడాలంటే మాస్టారికి సిగ్గు. అయినా నోరు విప్పలేదు. తెల్లారితే తనిఖీవాళ్లు వస్తారు. ఈలోగా తప్పు దిద్దేసి చేతులు దులుపుకుందామనుకున్నాడు.

బ్రాకెట్లు పెట్టి సేవ్ చేశాడు. తల తిప్పి చూసేసరికి లేవు. మళ్లీ పెట్టాడు. మళ్లీ లేవు. నిద్ర చాలక కళ్లు మోసం చేస్తున్నాయని సర్దిచెప్పుకున్నాడు. మూడోసారి నిలిచాయి.

పనిచేస్తోందో లేదో చూడాలి కదా. కార్డు గీకకుండా గదిలోకి వెళ్లి తలుపు లాగాడు. తాళం పడింది. బటన్ నొక్కాడు.

తలుపు కదల్లేదు.

ఇంకోసారి నొక్కాడు. ఊపిరి పొగై మొహం మీదికే వస్తోంది. ముక్కుపుటాలు గడ్డకడుతున్నాయి. అప్పుడు తెలిసింది... ఆ చలిలో బటన్ వెచ్చగా ఉంది. ఎవరో అప్పుడే వేలు తీసినట్టు...

లైటు ఆరిపోయింది.

పెట్టెల చాటున ఎవరో దగ్గారు.

"నొక్కడం మరిచిపోయావేమోరా..."

బాబాయ్ గొంతు.

"నొక్కాను... నొక్కుతూనే ఉన్నాను బాబాయ్..."

"రికార్డులో లేదుగా మరి."

మాస్టారు బటన్ మీంచి వేలు తీశాడు. "నువ్వూ నొక్కావు బాబాయ్. నేనే చెరిపాను. తప్పు నాది."

తాళం టక్కుమంది. వెలుతురులో పిన్ని నిలబడి ఉంది, చేతిలో బాబాయ్ కార్డు. ఆ రోజు ఇంట్లోనే ఉండిపోయిన కార్డది. గేటు దగ్గర ఇచ్చేసి పోదామని తెచ్చింది.

ఆవిడ అతన్ని చూసింది, లోపలి బటన్‌ని చూసింది. "నొక్కితే తెరుచుకోదా బాబూ?"

ఆ ప్రశ్నకి తల ఎత్తలేకపోయాడు. "తెరుచుకోలేదు పిన్నీ. బాబాయ్‌కీ తెరుచుకోలేదు. పదకొండుసార్లు నొక్కాడు. నేను దాచాను."

ఆవిడ గోడకి ఆనుకుంది. "రేపు అందరి ముందూ ఈ మాట చెప్తావా?"

"చెప్తాను."

నిజంగానే చెప్పాలనుకున్నాడు. ఇరవై రోజుల్లో మొదటిసారి గుండె కాస్త తేలికైంది.

"అయితే ఇంక ఆ బెల్లు ఆపు బాబూ," అంది పిన్ని అలసటగా. "ఆయన పోయినప్పటినుంచీ ఇంట్లో వింటూనే ఉన్నాను. ఇవాళ ఇక్కడా అదే చప్పుడైతేనే ఈ తలుపు తీశాను."

"ఏ బెల్లు పిన్నీ? ఆ బటన్‌కి బెల్లు లేదు. నేను పెట్టనేలేదు."

"ఇంత గట్టిగా మోగుతుంటే... నీకు వినపడట్లేదా?"

ఊపిరి బిగబట్టి విన్నాడు. ఫ్యాన్లు కూడా ఆగిపోయాయి. ఏ చప్పుడూ లేదు.

పిన్ని రెండు చెవులూ మూసుకుంది. చలిగదిని ఒకసారి చూసింది, చప్పుడు అక్కణ్ణించి కాదు. తర్వాత అతని ఛాతీ వైపే చూస్తూ, ఒక్కో అడుగూ వెనక్కి వేసింది.