కాల్చని బిళ్ళ

"అత్తయ్యా! కిటికీ గూట్లో బిళ్ళ ఏదీ?"

కోడలి కేక విని వంటింట్లో అత్తగారు ఉలిక్కిపడింది. పొద్దున కోడలు పార్సిళ్ళు ఇచ్చి రావడానికి బయటికి వెళ్తే, పాపం కాస్త సాయం చేద్దామని మట్టిపని చేసుకునే వరండా అంతా ఆవిడే సర్దిపెట్టింది. ఆవిడ సర్దాక ఆ ఇంట్లో ఏ వస్తువైనా దాని చోట దొరికిందా ఎప్పుడైనా!

"ఎండిపోయిన మట్టిముక్కలన్నీ బకెట్లో నానబెట్టానమ్మా... నువ్వు రోజూ చేసే పనేగా!"

కోడలు పరుగున వెళ్ళి బకెట్లో మోచేతిదాకా చెయ్యి ముంచింది. కాల్చని మట్టి నీళ్ళలో ఎంతసేపు నిలుస్తుంది? వేళ్ళ సందుల్లోంచి బురద జారిపోయింది... అంతే!

ఆమె ఇంట్లోనే మట్టి లాకెట్లు చేసి అమ్ముతుంది. పసిపిల్లల వేలిముద్రలు తడిమట్టి మీద అద్ది, ఆరబెట్టి, పెరట్లో చిన్న బట్టీలో కాల్చి, దారం కట్టి ఇస్తుంది. ఒకరోజు ఆమె పని చేసుకుంటుంటే నాలుగేళ్ళ కూతురు చిట్టి "నాదీ, నాదీ!" అంటూ తడిబిళ్ళ మీద బొటనవేలు నొక్కేసింది. ఆ వానాకాలమే జ్వరం ఆ పిల్లను ఎత్తుకుపోయింది! ఊరందరి ముద్రలూ కాల్చిన ఆ తల్లి కూతురి ముద్ర మాత్రం కాల్చలేకపోయింది. కాలిస్తే మట్టి కుంచించుకుపోతుంది. ఆ బుల్లి వేలు ఇంకా చిన్నదైపోతుందని భయం! రోజూ పని మొదలుపెట్టే ముందు ఆ గుంటలో తన చిటికెనవేలు ఒకసారి ఆనించుకునేది.

"నా బిడ్డను రెండోసారి చంపేశారు కదా అత్తయ్యా!"

ఎంత మాట! ఆవిడ గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. అన్నానికి పిలిచినా రాలేదు.

బస్సు డ్యూటీ దిగి వచ్చిన భర్త సంగతంతా విని కూలబడిపోయాడు. "అమ్మ కావాలని చేసిందా? అందరివీ కాల్చి ఇచ్చావు. మనదెందుకు కాల్చలేదే..." అని గొణిగాడు.

మర్నాడు లేచి చూసేసరికి అత్తగారు వరండాలో బకెట్ ముందు చతికిలబడి ఉంది. జల్లెడలో బురద వడగడుతూ, చత్వారపు కళ్ళు చికిలించి వేళ్ళతో తడుముతోంది.

"ఏం చేస్తున్నారు అత్తయ్యా?"

"ఎక్కడైనా చిన్న ముక్క మిగిలిందేమోనని..." ఆవిడ వెక్కివెక్కి ఏడ్చింది. "ఈ పాడు చేతులు విరిగిపోనూ! ఈ వేలు పట్టుకుంటే గానీ నిద్రపోయేది కాదు కదే అది!"

కోడలు నిలువునా కరిగిపోయింది. ఇన్నాళ్ళూ ఆ ఇంట్లో ఏడ్చే హక్కు తనొక్కదానికే ఉందనుకుంది. చిట్టి పోయినప్పటి నుంచీ ఈవిడ రాత్రిళ్ళు చెయ్యి ఎవరికిచ్చి పడుకుంటోందో ఒక్కసారైనా అడిగిందా?

"తప్పు నాది అత్తయ్యా... నోటికొచ్చినట్టు అన్నాను." ఆవిడ బురద చేతులు రెండూ ఒళ్ళోకి తీసుకుంది.

బకెట్లో ఒక్క చుక్క కూడా పారబోయలేదు. బురదను గుడ్డ మీద పోసి ఆరబెట్టి, ముద్ద గట్టిపడ్డాక ఇద్దరూ కూర్చుని పిసికారు. కోడలు బిళ్ళ చేసి అత్తగారి ముందు పెట్టింది.

"మీ బొటనవేలు నొక్కండి."

"గిన్నెలు తోమితోమి గీతలన్నీ అరిగిపోయాయి, నా వేలికి ఏం పడుతుందే?"

"గుంట పడితే చాలు. చిట్టి పట్టుకున్నది ఈ వేలే కదా!"

బిళ్ళ ఎండాక బట్టీ దగ్గరికి తీసుకెళ్ళారు. అక్కడికి వెళ్ళాక కోడలి చెయ్యి ఆగిపోయింది. అత్తగారు కంగారుపడింది.

"పోనీ వద్దులేవే... చిన్నదైపోతుందేమో!"

"అవనివ్వండి అత్తయ్యా... ఉంటుంది కదా!"

బట్టీ తలుపు మూసి నిప్పు రాజేసింది. అది చల్లారేదాకా ఆ పెరట్లోంచి ఇద్దరూ లేవలేదు. అత్తగారి బొటనవేలు కోడలి గుప్పిట్లోనే ఉంది.