పదహారు డిగ్రీల అబద్ధం

"పదింటికి మన కేసు సాక్షిని తీసుకెళ్లే కారు బయల్దేరుతుంది. దారంతా కొండ మలుపులు. విదేశీ ముఠా దానిమీద కన్నేసింది. మెకానిక్ వేషంలో వెళ్లు. అక్కడ మన మనిషి, మేడమ్ ఉంటుంది. కోడ్ మాట, 'చక్రం తిన్నగా ఉందా?'" అన్నాడు చీఫ్.

కొండ మలుపులు అనగానే ఏజెంట్‌కి బావ గుర్తొచ్చాడు. రెండేళ్ల క్రితం అలాంటి మలుపులోనే కారు లోయలో పడి చనిపోయాడు బావ. ఆ తుక్కుకి స్కానర్ పెట్టి చూసింది ఏజెంటే. లోపం ఉంటే కారు కంప్యూటర్ చూపించే ఫాల్ట్ కోడ్ ఒక్కటీ లేదు. 'డ్రైవర్ నిద్రపోయాడు' అని రాసి సంతకం గీకేశాడు. అప్పట్నించీ అక్క ఫోన్ ఎత్తదు. బావ మాత్రం, ఏం ఖర్మో, తను ఏ కారెక్కినా పక్క సీట్లో వచ్చి కూర్చుంటాడు.

గ్యారేజీలో నల్ల కళ్లద్దాలతో, ఘుమఘుమలాడే సెంటుతో మేడమ్ ఎదురొచ్చింది.

"చక్రం తిన్నగా ఉందా?"

"చూసి చెబుతాను మేడమ్."

ముఠా గుట్టంతా తెలిసిన సాక్షి, ఓ పెద్దాయన, అప్పటికే వెనక సీట్లో బెల్టు పెట్టుకుని కూర్చున్నాడు. టైమ్ తొమ్మిదీ యాభై. బ్రేకులు, టైర్లు భేషుగ్గా ఉన్నాయి. ఏజెంట్ బ్యాగులోంచి స్కానర్ తీయబోయాడు.

"ఎందుకయ్యా టైమ్ వేస్టు? ఫాల్ట్ కోడ్ ఒక్కటీ లేదు. పంపించెయ్," అంది మేడమ్.

అతని చెయ్యి ఆగిపోయింది. స్కానర్ ఇంకా తగిలించనే లేదు. ఈవిడకెలా తెలుసు?

తగిలించాడు. నిజమే, కోడ్ లేదు. బావ కారులోనూ కోడ్ రాలేదు. ఈసారి అక్కడితో ఊరుకోకుండా, ఒక్కో సెన్సర్ ఆ క్షణాన ఏం చెబుతోందో చూపించే లైవ్ డేటా తెరిచాడు. ముందు చక్రాలు తిన్నగా ఉన్నాయి, స్టీరింగ్ తిన్నగా ఉంది. స్టీరింగ్ ఎంత తిరిగిందో కొలిచే యాంగిల్ సెన్సర్ మాత్రం పదహారు డిగ్రీలు తిరిగి ఉందంటోంది!

ఎవరో స్టీరింగ్ తిప్పి పెట్టి, అదే సున్నా అని సెన్సర్‌కి నేర్పేశారు. సెన్సర్ చెడలేదు కాబట్టి కోడ్ రాదు. జారుడు మలుపులో, కారు అదుపు తప్పకుండా చూడాల్సిన స్టెబిలిటీ కంట్రోల్ ఆ అబద్ధాన్నే నమ్మి తప్పు చక్రానికి బ్రేకు వేస్తుంది. ఆ తర్వాత లోయే.

"డ్రైవర్, పోనీయ్!" అరిచింది మేడమ్.

కారు కదిలింది. ఏజెంట్ అడ్డంగా దూకాడు. బంపర్ మోకాలికి తగిలి కారు ఆగింది.

"హ్యాండ్‌బ్యాగులో చెయ్యి పెట్టకండి మేడమ్. ఈ స్పానర్‌లో మైకుంది. చీఫ్ అంతా వింటున్నాడు."

గేటు దగ్గర చీఫ్ పంపిన జీపులు ఆగాయి. ఆమె నెమ్మదిగా చేతులెత్తింది.

"మా బావ కారు కూడా మీ పనేనా?"

"మా పనే. ఈ పద్ధతి మొదట దానిమీదే చేసి చూశాం. నువ్వు సంతకం పెట్టబట్టే కదా, మళ్లీ ధైర్యం చేశాం!"

ఆ మాటకి అతను ఏడ్చేశాడు. చక్రాలు తిన్నగా ఉంచి, సెన్సర్‌ని సున్నాకి తెచ్చి, పెద్దాయన్ని వేరే కారులో పంపాక అక్కకి ఫోన్ చేశాడు. ఎన్నోసారికో ఎత్తింది.

"అక్కా, బావ నిద్రపోలేదక్కా."

"నాకెప్పుడో తెలుసురా," అంది అక్క. "నిద్రపోయింది నువ్వు."